బాలింతాకు సాక్ష్యం

“ఆపండి! పొద్దున్నే కోసిన కాయలవి! వ్యాను కదలకపోతే ఎండకి తోళ్ళయిపోతాయి!”

యూవా అరుపు లావోస్ కొండల నుంచి వెంట తెచ్చుకున్న హ్మాంగ్ భాషలో ఉంది. వ్యవసాయ శాఖ ఇన్‌స్పెక్టరుకు ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు. ఆమె తన పని తాను చేసుకుపోతోంది. అలసంద కాయల పెట్టెలను గోడవారగా పేర్పించి, వాటి చుట్టూ పసుపు రిబ్బను బిగించి, ముడి మీద సీలు నొక్కింది. వాకిట్లో వ్యాను ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంది. స్టీరింగు వెనక కూర్చున్న కొడుకు షెంగ్ దిగాలో వద్దో తెలియక తల్లి ముఖాన్నీ రిబ్బనునూ మార్చి మార్చి చూస్తున్నాడు.

“వ్యాను తీసుకెళ్ళి షెడ్డులో పెట్టరా. ఇవాళ సంతకు వెళ్ళేది లేదు,” అన్నాడు చెర్ పావ్. షెంగ్ వ్యాను వెనక్కి తోలుకెళ్ళాడు.

చెర్ పావ్ తావ్ వంశానికి పెద్ద. ఇంగ్లీషు దంచి మాట్లాడతాడు. కాలిఫోర్నియాలో ఈ ఫ్రెస్నో చుట్టుపక్కల ఏ తావ్ ఇంటికి నోటీసు వచ్చినా, ఏ పెళ్ళి మాటలు పొసగకపోయినా ఆ గుమ్మం ముందు ఆయన చెప్పులు కనబడాల్సిందే. యూవా మొగుడికి అన్న వరస. మొగుడు పోయాక ఆ ఇంటి తరఫున అధికారులతో మాట్లాడేది ఆయనే.

“ఏమంటుంది బావగారూ ఆ పిల్ల?”

“నీ కాయల్లో మందు దొరికిందిట. పోయిన సంతలో నమూనా తీసుకెళ్ళి ల్యాబులో చూశారు. చెట్లకి కొట్టే మందది. అలసందలో నలుసంత కూడా ఉండకూడదు.”

“చెట్ల మందా? నా దగ్గర ఆ డబ్బానే లేదు! సబ్బు నీళ్ళు తప్ప నేనేమీ కొట్టలేదని చెప్పండి. కావాలంటే కొట్టంతా వెతుక్కోమనండి.”

చెర్ పావ్ తల ఊపి ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. ఆమె పేరు మారిసోల్ ఆయలా అని చొక్కా మీది బిళ్ళ చెబుతోంది. నల్లటి జడ, ఎండకు కమిలిన ముక్కు, బురదంటిన బూట్లు. ఆఫీసులో కూర్చునే మనిషిలా లేదు. చెర్ పావ్ చాలాసేపు మాట్లాడాడు. తను చెప్పిన రెండు ముక్కలకు అంత ఇంగ్లీషు పడుతుందా అనిపించింది యూవాకు. వింటున్న కొద్దీ మారిసోల్ ముఖం మెత్తబడింది. జాలిగా యూవా వైపు చూసి, ఒక కాగితం తీసి పెన్ను చేతికిచ్చింది.

“సంతకం పెట్టు. మిగతాది నేను చూసుకుంటా,” అన్నాడు చెర్ పావ్.

యూవా పెన్ను కాగితానికి ఆనించింది.

“అత్తయ్యా! పెట్టొద్దు!”

కిటికీ రెక్క ధడాలున తెరుచుకుంది. కోడలు గావ్‌నూ. తలకు గుడ్డ చుట్టుకుని, పసిగుడ్డును భుజాన వేసుకుని, ఊచల మధ్య నుంచి చెయ్యి చాపి ఊపుతోంది. కాన్పయ్యి రెండు వారాలు కూడా కాలేదు.

“మీరే కొట్టారని చెప్పాడు అత్తయ్యా! చూసుకోకుండా వేరే డబ్బా కలిపేశారట, చదువురాని మనిషి, ఇంకోసారి చెయ్యదు, నాదీ పూచీ అని చెప్పాడు!”

పెన్ను ఆగిపోయింది. యూవా మెల్లగా తల తిప్పింది.

చెర్ పావ్ తడబడలేదు. “అవును, అలాగే చెప్పాను. వాదిస్తే వదుల్తారనుకున్నావా? తప్పయిపోయిందంటే చిన్న జరిమానాతో పోతుంది. లేదంటే పొలం మొత్తానికి తాళం. ఎన్ని ఇళ్ళకి ఇలా సర్ది చెప్పలేదు నేను?” అని, కిటికీ వైపు చూసి, “బాలింతవి, గాలి తగిలించుకోకు. లోపలికెళ్ళమ్మా,” అన్నాడు.

ఆ మాట తప్పని ఎవరనగలరు? కానీ యూవా పెన్నును మారిసోల్ చేతిలో పెట్టేసింది. వేలితో తన గుండె మీద తట్టుకుని, తల అడ్డంగా ఊపింది. మళ్ళీ తట్టుకుంది. మళ్ళీ ఊపింది.

మారిసోల్ ఆమె వైపూ, కిటికీ వైపూ, చెర్ పావ్ వైపూ వరసగా చూసింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. తన ఫోను నంబరున్న చీటీని మాత్రం తీసుకెళ్ళి కిటికీలోకి అందించింది.

*

మధ్యాహ్నం పొయ్యి మీద కోడి ఉడుకుతోంది.

నెల వెళ్ళేదాకా బాలింతకు పూటపూటా అదే పథ్యం. నాటుకోడి, అందులో పెరటి ఆకులు, పక్కన వేడి అన్నం. చల్లనిది తాకకూడదు, పరాయి ఇంటి గడప తొక్కకూడదు. ఆ ఆకులు కొట్లో దొరకవు. ప్రతి హ్మాంగ్ ఆడది పెళ్ళయి వచ్చేటప్పుడో, తొలి కాన్పుకో మరొకరి మడి నుంచి దుంపా కొమ్మా తెచ్చుకుని తన పొలంలో నాటుకుంటుంది. కొసకు ఎర్రజీర ఉన్న ఆకు, వెన్నలాంటి మెత్తటి ఆకు, నలిపితే మట్టి వాసన కొట్టే ఆకు. కుండలోకి దిగితే పులుసు పచ్చబడి ఇల్లంతా అడివి వాసన వేస్తుంది.

యూవా గరిటె ముంచి గిన్నెలోకి వంచబోయింది. చెయ్యి ఆగింది.

అలసందల్లోకి వచ్చిన మందు వీటిలోకి రాదని నమ్మకమేమిటి?

ఎవరు కొట్టారు, ఎలా వచ్చింది అన్నవి తరవాత సంగతి. రోజూ మూడు పూటలా తన చేత్తోనే కోసి, తన చేత్తోనే వండి, “పూర్తిగా తాగాలి, పాలు పడతాయి” అని దగ్గర కూర్చుని మరీ తాగించింది. కోడలు తాగింది. కోడలి పాలు పసివాడు తాగాడు.

ఆమె కుండ దించి, పెరట్లోకి తీసుకెళ్ళి, గొయ్యి తీసి, మొత్తం ఒంపేసి మట్టి కప్పింది. ఉత్త కోడీ అన్నం పట్టుకుని గదిలోకి వచ్చింది. గావ్‌నూ గిన్నెలోకి తొంగిచూసింది.

“ఆకులేవి?”

“ఇవాళ వెయ్యలేదు.”

కోడలికి అర్థమయింది. పిల్లాడిని దగ్గరికి లాక్కుంది.

“వీడు బానే తాగుతున్నాడు అత్తయ్యా. బానే నిద్రపోతున్నాడు. చూడండి, బుగ్గలెలా వచ్చాయో.” గావ్‌నూ గొంతు సవరించుకుంది. “అదీగాక, పూటపూటా ఆ ఆకు పులుసు తాగి తాగి నా నాలుక మొద్దుబారిపోయింది. ఇదే సందని పిజ్జా తెప్పించకూడదూ?”

“నీ పిజ్జా తగలెయ్య. పథ్యం మధ్యలో ఆపిన అత్తని నేనొక్కత్తినే అయ్యుంటాను,” అంది యూవా. నవ్వబోయి ఏడ్చేసింది. భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకుని, “ఆ పిల్లకి ఫోను చెయ్యి,” అంది.

“ఏ పిల్లకి?”

“రిబ్బను పిల్లకి. బావగారు లేకుండా. నేను చెప్పేది చెప్పినట్టు చెప్పు. ఒక్క మాట కలపకు, ఒక్క మాట తియ్యకు.”

*

మర్నాడు మారిసోల్ ఒక్కతే వచ్చింది. ఇంట్లోకి రాలేదు. కిటికీ బయట నీడలో నిలబడింది. లోపల గావ్‌నూ మంచం మీద, బయట ఇద్దరూ. మాటలు ఊచల మధ్యగా అటూ ఇటూ నడిచాయి.

“ఎవరో కొట్టిన మందు గాలికి కొట్టుకొచ్చిందని మీరు ఫిర్యాదు ఇస్తే నేను ఆకులు తీసి పరీక్షకి పంపగలను. కానీ అలసంద ఆకులు తీస్తే లాభం లేదు. మీరే కొట్టారంటారు. మీరెప్పుడూ మందు కొట్టరని నలుగురికీ తెలిసిన మొక్క కావాలి. పాదుల మధ్య కలుపున్నా చాలు,” అంది మారిసోల్.

“కలుపా? మా అత్త పొలంలోనా? గడ్డిపరక తలెత్తితే రాత్రి నిద్ర పట్టదావిడకి,” అంది గావ్‌నూ, ఈ ముక్క తనే సొంతంగా కలిపి.

కోడలేమందో యూవా అడిగి తెలుసుకుని గుడ్లురిమింది. అంతలోనే ఆ చూపు మారింది. ఏమీ చెప్పకుండా మారిసోల్ చెయ్యి పట్టుకుని వంటింటి వెనక్కి లాక్కెళ్ళి మడి చూపించింది. అక్కడి నుంచి అలసంద పందిళ్ళు దాటించి, పొలం పడమటి కొసన కంచెవార ఉన్న రెండో మడి దగ్గరికి తీసుకెళ్ళింది. పాలిచ్చే తల్లిలా రెండు చేతులూ రొమ్ము దగ్గర పెట్టుకుని, ఆకు నోట్లో పెట్టుకున్నట్టు చూపించి, మందు పంపు కొట్టినట్టు చెయ్యి ఊపి, ఛీ అన్నట్టు నేల మీద ఉమ్మింది.

మారిసోల్ గావ్‌నూకు ఫోను చేసి స్పీకరులో పెట్టింది. గావ్‌నూ వివరించింది. “అది బాలింతాకు. దాని మీద మందు కొట్టే హ్మాంగ్ ఆడది ఎక్కడా ఉండదు. నీళ్ళు పోసేటప్పుడు కూడా బక్కెట్టు కడిగి పోస్తారు.”

మారిసోల్ వంగి ఆకును వేలి కొసతో తిప్పి చూసింది. “మీ రెండు మడులూ సరే. రెండు చుక్కలు కలిపితే గీత వస్తుంది గానీ పటం రాదు. గాలి ఎటు నుంచి వచ్చిందో తెలియాలంటే చుట్టుపక్కల ఇంకా కావాలి. ఈ ఆకు మీ దగ్గరేనా? ఇంకెవరైనా పెంచుతారా?”

ఫోనులో ఆ మాట హ్మాంగ్‌లోకి మారేసరికి యూవా నడుం మీద చేతులు పెట్టుకుంది. చుట్టూ చూసింది. కాలవగట్టు పొడుగునా పందిళ్ళు, నిమ్మగడ్డి దుబ్బులు, బీరపాదులు. ఒక్కొక్కటీ ఒక్కో హ్మాంగ్ కుటుంబం కౌలుకు చేసే చెక్క.

“ఎవరు పెంచరు?” అంది.

*

అప్పటికే అందరి నోటా ఒకటే పేరు నడుస్తోంది. పడమటి కంచె అవతల బాదం తోటలున్న ఆరమ్ బోయాజియన్. ఆయన పంపులు మొదలెడితే చెవులు గళ్ళు పడతాయి. ఇంకెవరు కొడతారు చెట్ల మందు?

మాట ఆయన దాకా వెళ్ళింది. సాయంత్రం కంచె దగ్గరికొచ్చి హారను మోగించాడు. తెల్ల మీసాలు, ఎర్ర ముఖం, ఎత్తు బండి. షెంగ్ పరిగెత్తుకెళ్ళాడు, వెనకాలే యూవా.

“మీ అమ్మని అడుగు! వారం వారం ఆవిడ మిరపకాయలు తీసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ తినేది నేనేనా కాదా? నా మందుకి ఎంత ఖర్చో తెలుసా? నా చెట్లకే చాలక నేనేడుస్తుంటే మీ కాయలకి దానం చేస్తానా?”

షెంగ్ నసుగుతూ చెప్పాడు. యూవా బెదరలేదు. “ఆకులు తీస్తున్నారు. ఆకే చెబుతుంది ఎవరిదో. ఆయన్ని తిట్టింది నేను కాదని చెప్పు.”

ఆరమ్ మీసం దువ్వుకున్నాడు. “తియ్యమనండి. ముందు నా కంచె పక్కదే తియ్యమనండి! నేనూ వచ్చి నిలబడతా,” అని బండి ఎక్కి దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయాడు.

అరిచేవాడు భయపడేవాడు కాదని యూవాకు తెలుసు. ఆ రాత్రికి ఆమె మనసులో ఆరమ్ పేరు చెరిగిపోయింది. ఆ స్థానంలో ఇంకే పేరూ లేదు.

*

ఆడవాళ్ళను ఒప్పించడమే అసలు యుద్ధం అయింది.

సంతకు ముందు రోజు వాళ్ళంతా యూవా ఇంటి కారు షెడ్డులో చేరడం మామూలు. తొట్లలో ఆకుకూర కడుగుతారు, కట్టలు కడతారు, లోకాన్ని ఏకుతారు. ఆ రోజు యూవా తొట్టి ఖాళీ. ఆమె అందరి తొట్ల మధ్యా నిలబడి చెప్పాల్సింది చెప్పింది. నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

“అంటే ఆ రిబ్బను పిల్లని మేమే పిలిచి పొలంలోకి రానివ్వాలా?” మాయ్‌చూ తడి చేతులు దులిపింది. ఆమె నోరు కాలవ తూములాంటిది. తెరిస్తే పొలాలు మునగాలి. “పులిని పిలిచి పందిపిల్లని చూపించినట్టుంది నీ తెలివి! నా ఆకులో మందుందని తేలితే నా బీరకాయలకీ రిబ్బను కడుతుంది. అప్పుడు నా పిల్లలకి నువ్వు పెడతావా తిండి?”

“చెర్ పావ్ ఏమన్నాడు?” అడిగింది ఇంకొకామె.

“ఒప్పేసుకోమన్నాడు.”

“మరి ఒప్పేసుకోరాదూ! ఆయన ఎన్ని గొడవలు చూశాడు!”

“చెయ్యనిది ఎలా ఒప్పుకోనే?” యూవా గొంతు పెరిగింది. “నా పేరు పోతే పోయింది. సంతలో నా బల్ల పోతే పోయింది. కానీ మందు ఎక్కణ్ణుంచో వచ్చింది కదా! వచ్చిందానికి నా కంచె కనబడి ఆగిందా? మాయ్‌చూ, నీ పొలం నా పక్కదే. నీ బీరకాయలకి రిబ్బను కట్టకపోతే అందులో మందు లేనట్టా? అవి నువ్వే కదా అమ్ముతున్నావు? నీ పిల్లలే కదా తింటున్నారు?”

మాయ్‌చూ చేతిలోని ఆకుకూర కట్టను తిప్పి చూసుకుంది.

“మొన్న నా కోడలి కుండ గోతిలో ఒంపాను. నా చేత్తో. మీలో ఎవరికైనా రేపు పురుడొస్తే ఏ ఆకు కోస్తారు? కళ్ళు మూసుకుని కోస్తారా?”

మూల ముక్కాలిపీట మీద కూర్చుని నిమ్మగడ్డి వేర్లు కోస్తున్న నూ అవ్వ కత్తి కింద పెట్టింది. అందరికంటే పెద్దది. పళ్ళు నాలుగే మిగిలాయి గాని మాట ఇంకా కొరుకుతుంది.

“కొండల్లో ఉన్నప్పుడు బాలింతకి పెట్టే కుండలో ముందు అత్త తాగి చూసేది. నేనూ తాగి పెట్టాను నా కోడళ్ళకి. ఇప్పుడు తాగితే తెలిసే విషం కాదిది. తాగి చూసే పని ఆ పిల్ల మిషను చేస్తానంటోంది. చెయ్యనివ్వడానికి మీకేం నెప్పి?” మోకాళ్ళ మీద చేతులూని లేచింది. “నా మడి దగ్గరికి రేపు పొద్దున్నే రమ్మను. నేను కుక్కని కట్టేస్తాను.”

తొట్టి మీంచి తలెత్తి ఎవరో, “మా చెక్క కూడా,” అన్నారు. ఇంకొకరు తల ఊపారు. చివరికి మాయ్‌చూ ఆకుకూర కట్టను తొట్టిలోకి విసిరి, “సరే, రమ్మను! రిబ్బను కడితే మాత్రం నీ ఇంటికొచ్చి కూర్చుని తింటాను, ముందే చెబుతున్నా,” అంది.

“నీ తిండికి నా పొలం చాలదు,” అంది యూవా. షెడ్డంతా గొల్లుమంది.

*

ఒక్క మడి మిగిలింది. అందరి మడులకూ తల్లిమడి. చెర్ పావ్ భార్య బ్లియాది.

కాలవగట్టు మలుపులో వాళ్ళ రేగుతోట. యూవా తొలి కాన్పుకు దుంపలిచ్చింది బ్లియానే. తోటికోడలంటే తోబుట్టువులాంటిది. ఆమె గుమ్మంలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. యూవా చెప్పిందంతా తల వంచుకునే విన్నది.

“ఆయన్ని అడగాలి,” అంది చివరికి.

“ఆకుమడికి మగాళ్ళనేమిటక్కా అడిగేది? మా ఆయన బతికున్నన్నాళ్ళూ ఆ మడి ఎటుందో తెలియలేదు.”

బ్లియా నవ్వలేదు. ఒక తొడిమ తీసింది, ఇంకొకటి తీసింది. “ఎలకలు తవ్వేశాయి. ఏమీ మిగల్లేదు.”

“ఎలకలా?”

యూవా ఇంటి వెనక్కి నడిచింది. బ్లియా ఆపలేదు. మడి ఉన్న చోట మట్టి తడిగా, నల్లగా, తిరగేసి ఉంది. ఎలకలు దుంప తింటాయి, కాడ వదిలేస్తాయి. ఇక్కడ కాడ లేదు, రెమ్మ లేదు, ఎండుటాకు కూడా లేదు. గట్టు అంచు పలుగుపారతో కోసినట్టు తిన్నగా ఉంది. మడి పక్క నుంచి రేగుచెట్ల వరసల్లోకి రెండు చక్రాల జాడలు పోతున్నాయి. వాళ్ళ చిన్న ట్రాక్టరువి కావు. వెడల్పాటివి. చెట్ల నడుమ కలుపు ఆకుల మీద తెల్లటి చారికలు ఎండిపోయి ఉన్నాయి.

గాలి వీచింది. వీపు వెనక నుంచి వచ్చి, మెడ తాకి, యూవా పొలం వైపే వెళ్ళింది.

ఆమె ముందువైపుకు తిరిగొచ్చింది. బ్లియా ఇంకా తొడిమలు తీస్తూనే ఉంది. తీసిన కాయలనే మళ్ళీ తీస్తోంది.

“ఎలకలే అక్కా,” అంది యూవా. ఇంటి దారి పట్టింది.

చూడకుండా పెద్దమనిషి మీద నింద వేస్తే వంశంలో ఆ నింద వేసినవాళ్ళ మెడకే చుట్టుకుంటుంది. ఆమె చూసింది చక్రాల జాడలూ చారికలూ తవ్విన మట్టీ. పంపు తిప్పిన చేతిని చూడలేదు.

*

మారిసోల్ మడి మడికీ తిరిగి తీసుకెళ్ళిన ఆకుల ఫలితాలు వచ్చాయని ఫోను వచ్చిన రోజే చెర్ పావ్ కబురు పెట్టాడు. వంశం పెద్దలంతా తన ఇంట్లో కూర్చుని ఈ గొడవ తేల్చెయ్యాలని, యూవాను రమ్మని, ఇన్‌స్పెక్టరు మాట తను చెబుతానని.

యూవా తిరుగు కబురు పంపింది. “నా మాట చెప్పేది నా కోడలు. అది బాలింత. నెల వెళ్ళేదాకా పరాయి గడప తొక్కకూడదు. ఆచారం బావగారికి నేను చెప్పాలా?”

కిటికీ దగ్గరున్న బాలింతను లోపలికి పొమ్మన్న మనిషి ఆచారం కాదని ఎలా అంటాడు? సభ యూవా ఇంటి కారు షెడ్డులోనే జరిగింది.

పెద్దలు కుర్చీల్లో, ఆడవాళ్ళు తిరగేసిన తొట్ల మీద. ఆరమ్ పిలవకుండానే వచ్చి వాకిట్లో బండికి ఆనుకుని నిలబడ్డాడు. వంటింటి తలుపు తీసిపెట్టి, గడప లోపల పీట మీద గావ్‌నూ, ఒళ్ళో పసివాడు. చెర్ పావ్ మధ్య కుర్చీలో. బ్లియా ఆయన వెనక, గోడవార.

మారిసోల్ కాగితాలు తీసింది. “ఏ మడిలో ఎంత అన్నది చదువుతాను,” అంది.

“అంకెలు మాకెందుకు? చూపించాలి,” అని యూవా ఒక నిమ్మగడ్డి దుబ్బు తెచ్చి షెడ్డు నేల మీద పొడుగ్గా పరిచింది. “ఇది కాలవ.” పడమట ఒక బాదం కాయ పెట్టింది. “ఇది ఈయన తోట.” ఒక్కో పొలానికీ ఒక్కో బీరకాయ. తన ఇంటికి ఒక గిన్నె. మిరపకాయల బుట్ట చంకన పెట్టుకుంది. “ఇప్పుడు చదవమను. ఎక్కువుంటే గుప్పెడు, తక్కువుంటే ఒకటీ అరా.”

మారిసోల్ చదివింది. గావ్‌నూ చెప్పింది. యూవా పెట్టింది.

“పడమటి కంచె మడి, మనదే. లేదు.”

ఆరమ్ బండి మీద చేత్తో చరిచాడు. “చెప్పలా!”

“నూ అవ్వ మడి. కొంచెం.” ఒక మిరపకాయ.

“మాయ్‌చూ మడి. ఎక్కువ.” గుప్పెడు. మాయ్‌చూ నోరు తూము మూసుకుంది.

బీరకాయ తరవాత బీరకాయ. కాలవగట్టు వైపు జరిగిన కొద్దీ మిరపకాయలు గుప్పెళ్ళయ్యాయి, రెండేసి గుప్పెళ్ళయ్యాయి. ఎర్రటి గుట్ట ఒక పక్కకు పెరుగుతోంది. పెద్దలు కుర్చీల్లోంచి ముందుకు వంగారు.

“ఇంకొకటి మిగిలింది. ఈ ఇంటి వంటింటి వెనక మడి,” అంది మారిసోల్.

ఈసారి గావ్‌నూ వెంటనే చెప్పలేదు. మారిసోల్ పెదవులనే చూస్తోంది. యూవా చెయ్యి బుట్టలో మిరపకాయల మీద బిగుసుకుపోయింది. రెండో పూట పులుసు, మూడో పూట పులుసు, “పూర్తిగా తాగాలి” అన్న తన గొంతు, అన్నీ ఆ బుట్టలోనే ఉన్నట్టున్నాయి.

“లేదట!” గావ్‌నూ అరిచింది. పసివాడు ఉలిక్కిపడి ఏడుపందుకున్నాడు. “అసలు లేదట అత్తయ్యా! ఇల్లు అడ్డొచ్చిందట గాలికి! నా గిన్నెలో ఏమీ లేదు!”

యూవా బుట్ట నేల మీద పడింది. నూ అవ్వ ఉన్న నాలుగు పళ్ళతో నవ్వుతూ తొట్టి వాయించింది. ఆడవాళ్ళంతా ఒక్కసారిగా మాట్లాడారు. మారిసోల్ గోడ దగ్గరికెళ్ళి కొత్త కాగితం అతికించింది. యూవా పొలంలో ఆ మందు ఎవరూ కొట్టలేదని, తప్పు యూవాది కాదని, సంతలో ఆమె బల్ల ఆమెదేనని గావ్‌నూ ఏడుస్తూనే చదివి వినిపించింది. మందు తగిలిన కాయలను మాత్రం పాతెయ్యాలి, మళ్ళీ కాసిన వాటిని పరీక్ష చేశాకే కొయ్యాలి. మాయ్‌చూకీ అంతే, కాలవగట్టు మిగతావాళ్ళకీ అంతే. నష్టం కొట్టినవాళ్ళే కట్టుకోవాలి.

“అయితే కొట్టినవాళ్ళని తే!” మాయ్‌చూ తూము తెరిచింది. “పీకల దాకా ఉంది నాకు!”

అప్పుడు అందరి చూపూ మళ్ళీ నేల మీదికి దిగింది. మిరపకాయల గుట్టలు అరచందమామలా చుట్టుకుని ఉన్నాయి. మధ్యలో ఒక్క చోట నేల ఖాళీ. అక్కడ బీరకాయ లేదు. అక్కడి ఆకు పరీక్షకు వెళ్ళలేదు.

చెర్ పావ్ లేచి నిలబడ్డాడు. గొంతు ఎప్పటిలాగే నిదానంగా ఉంది. “నిజమే, అది నా తోట. కాలవ అవతల కూడా తోటలున్నాయి. గాలికి హద్దురాళ్ళుంటాయా? నా మడి ఎలకలు తవ్వేశాయి, ఉంటే నేనే మొదట ఇచ్చేవాణ్ణి. యూవా మీది నేరం పోయింది, సంతోషం. ఇంక ఇంటి గుట్టు ఇంట్లోనే పెట్టుకుందాం.”

పెద్దల్లో ఇద్దరు తల ఊపారు.

మారిసోల్ గావ్‌నూ వైపు తిరిగి మెల్లగా మాట్లాడింది. గావ్‌నూ చెప్పింది: “రేపు ఆ తోటలో ఆకులు తీస్తానంటోంది. ఈలోగా చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పమంటోంది. చూసినవాళ్ళ మాటే గట్టిదంటోంది.”

యూవా చెర్ పావ్ వైపు చూడలేదు. ఆయన కుర్చీ దాటి, వెనక గోడవార నిలబడ్డ మనిషి ముందుకు వెళ్ళింది.

“అక్కా, నీ మడి నుంచే కదా ఈ మడులన్నీ పుట్టింది. ఎలకలు పలుగుపార పట్టుకుంటాయా?”

“యూవా!” అన్నాడు చెర్ పావ్.

“నేను మీతో మాట్లాడట్లేదు బావగారూ. ఆకుమడి సంగతి. ఆడవాళ్ళది.”

బ్లియా చేతులు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. వేళ్ళ సందుల్లో మట్టి ఇంకా ఉంది.

“తవ్వింది నేనే,” అంది.

చెర్ పావ్ చెయ్యి ఎత్తాడు, మాట అందుకోబోయాడు. బ్లియా ఆగలేదు.

“తవ్వమంటే తవ్వాను. దుంపలన్నీ సంచిలో పోసి కాలవలో వెయ్యమంటే వేశాను. అద్దెకి తెచ్చిన పంపు బండి మధ్యాహ్నానికి తిరిగిచ్చెయ్యాలని ఆత్రం. గాలి లేచింది, చెట్టు కొసలు ఊగుతున్నాయి, ఇప్పుడు వద్దు అన్నాను. నీకేం తెలుసు పొమ్మన్నాడు. మంచులాగా లేచి వెళ్ళింది మందు, మీ అందరి పందిళ్ళ మీదికి. రిబ్బను కట్టిన రోజు రాత్రి నాకు అన్నం దిగలేదు. మా కోడలికి ఈ నెలాఖరుకి పురుడు. నేను ఏ మడిలో ఆకు కొయ్యాలి?”

గావ్‌నూ ఒక్కో మాటా ఇంగ్లీషులోకి మారుస్తోంది. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తియ్యలేదు.

మారిసోల్ కలం తీసింది. “కొట్టినవారి పేరు చూసినవాళ్ళ నోటితో చెప్పాలి,” అంది.

గావ్‌నూ దాన్ని హ్మాంగ్‌లోకి మార్చేలోపే బ్లియా గోడ వదిలి, మొగుడి కుర్చీ పక్కగా నడిచి, మిరపకాయల మధ్య ఖాళీగా ఉన్న నేల మీద వచ్చి నిలబడింది. వాకిట్లో బండికి ఆనుకున్న ఆరమ్‌కు కూడా వినబడేంత గట్టిగా చెప్పింది.

“చెర్ పావ్ తావ్. నా మొగుడు.”